విమానానికి గంట కట్టేదెవరు?

పిల్లలూ! ఆకాశంలో విమానం చప్పుడు వినిపిస్తే మీరేం చేస్తారు? ఆడుతున్న ఆట ఆపి తల పైకెత్తుతారు కదూ! మా రెంజల్‌లోనూ అంతే. చెరకు కొడుతున్న కూలీలు, బడి మైదానంలో కబడ్డీ ఆడే పిల్లలు, అరుగు మీద కూర్చున్న తాతలు అందరూ ఒక్కసారి పైకి చూస్తారు. చప్పుడు వచ్చిన చోట వెతికితే విమానం కనిపించదు. అది అప్పటికే ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ధ్వని మన చెవికి చేరటానికి కొన్ని సెకన్లు పడుతుంది కనుక అలా జరుగుతుందని ఎనిమిదో తరగతిలోనే చదువుకున్నారు.

ఈ నెల విమానం గురించీ, ధ్వని గురించీ, వాటితో పాటు ఒక పెద్ద ప్రశ్న గురించీ మాట్లాడుకుందాం. ఆ ప్రశ్న నాది కాదు. మా బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయిది.

2024 సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున ఆ అమ్మాయి ఒక వార్తాపత్రిక ముక్క పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"సార్, గీ విమానం 2016ల సముద్రంల పడిపోయిందట. ఇప్పుడు దొరికిందట. ఏడున్నరేండ్లు ఎందుకు పట్టింది సార్?"

నేను జవాబు చెప్పేలోపే ఇంకో మాట అంది. "మా బర్రె మెడకు మా నాయిన గంట కట్టిండు. చెరుకుల దూరినా చప్పుడు విని దొరకవట్టుకుంటం. గంత పెద్ద విమానానికి ఒక గంట గూడ కట్టలేదా సార్?"

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. ఇంటికి వెళ్లి చదివాను. చదివిన కొద్దీ ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఎంత సరైనదో తెలిసింది.

అసలేం జరిగింది?

2016 జులై 22, శుక్రవారం. ఉదయం ఎనిమిదిన్నర గంటలకు చెన్నై దగ్గర తాంబరం వైమానిక స్థావరం నుంచి ఆంటొనోవ్-32 అనే రవాణా విమానం బయలుదేరింది. దాని సంఖ్య కె-2743. రెండు ఇంజన్లు, పంకాలు ఉన్న ఈ రకం విమానాలను మన వైమానిక దళం 1984 నుంచి వాడుతోంది. ఆ రోజు అది బంగాళాఖాతం దాటి అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌కు చేరాలి. మూడు గంటల పైచిలుకు ప్రయాణం.

విమానంలో 29 మంది ఉన్నారు. వారిలో ఆరుగురు విమానాన్ని నడిపే సిబ్బంది. మిగిలినవారిలో వైమానిక దళం, సైన్యం, నౌకాదళం, తీర రక్షక దళాలకు చెందినవారు ఉన్నారు. ఎనిమిది మంది మాత్రం సైనికులు కారు. వారు విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే మామూలు ఉద్యోగులు. పని మీద అండమాన్‌కు వెళ్తున్నారు. మన విశాఖ నుంచి డ్యూటీకి వెళ్లిన ఎనిమిది మంది అన్నమాట.

తొమ్మిది దాటి పది పన్నెండు నిమిషాలయింది. విమానం దాదాపు 23,000 అడుగుల ఎత్తున ఎగురుతోంది. ఉన్నట్టుండి రాడార్ తెర మీది చుక్క మాయమయింది. ఆపదలో ఉన్నామన్న కబురు ఏదీ రాలేదు.

వెంటనే గాలింపు మొదలయింది. నౌకలు వెళ్లాయి, విమానాలు వెళ్లాయి, ఒక జలాంతర్గామి కూడా వెళ్లింది. సముద్రాన్ని శోధించే సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ అనే పరిశోధన నౌకలను కూడా రప్పించారు. వారాలు గడిచాయి. నిలకడగా చెప్పగలిగిన శకలం ఒక్కటీ దొరకలేదు. చివరకు 2016 సెప్టెంబరులో, విమానంలోని 29 మందీ మరణించినట్టుగా భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు.

"భావిస్తున్నాము" అనే ఆ మాటను ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో నాన్న రాలేదు. ఆయన దేహమూ రాలేదు. ఎక్కడ పోయారో తెలియదు, ఎందుకు పోయారో తెలియదు. తలుపు చప్పుడయిన ప్రతిసారీ అటు చూడాలి. అలా ఏడున్నర ఏళ్లు!

రేడియో తరంగాలు నీటిలో ఎందుకు మునిగిపోతాయి?

ఇప్పుడు గంట సంగతి చూద్దాం. విమానాలకు గంటలు లేకపోలేదు. నిజానికి రెండు రకాల గంటలు ఉన్నాయి.

మొదటిది ఆపద సంకేత ప్రసారిణి. ఇది ఒక చిన్న రేడియో పెట్టె. విమానం గట్టిగా దేనికైనా ఢీకొంటే ఆ కుదుపుకు తనంతట తానే పనిచేయటం మొదలుపెడుతుంది. 406 మెగాహెర్ట్జ్‌ల పౌనఃపున్యంతో రేడియో సంకేతాలు పంపుతుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు ఆ సంకేతాన్ని పట్టి భూమి మీది కేంద్రాలకు అందిస్తాయి. కోస్పాస్-సార్సాట్ అనే ఈ ఏర్పాటు 1982 నుంచి మనుషులను కాపాడుతోంది. అనేక దేశాలు కలిసి నడుపుతున్న ఈ పనిలో మన దేశమూ ఉంది. బెంగళూరులోనూ, లక్నోలోనూ మన కేంద్రాలు ఉన్నాయి.

భూమి మీద విమానం కూలితే ఈ పెట్టె ఎంతో మేలు చేస్తుంది. కాని సముద్రంలో మునిగిపోతే? ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. విద్యుత్తును ప్రసరింపజేసే పదార్థంలోకి రేడియో తరంగం దూరితే దాని శక్తి అక్కడే హరించుకుపోతుంది. 406 మెగాహెర్ట్జ్‌ల తరంగం ఉప్పునీటిలో కొన్ని సెంటీమీటర్లు వెళ్లేసరికే బాగా నీరసిస్తుంది. ఒక మీటరు లోతు నుంచి పైకి రావటం దానికి అసాధ్యం. ఆ విమానం చేరిన లోతు 3,400 మీటర్లు!

నమ్మకం కుదరలేదా? ఇంట్లో చిన్న ట్రాన్సిస్టరు ఉంటే పాట పెట్టి, దాన్ని మూత గట్టిగా పట్టే ఖాళీ ఇనుప బియ్యం డబ్బాలో ఉంచి మూత వేయండి. పాట ఆగిపోయి బరబర శబ్దం వినిపిస్తుంది. మూత తీయండి, మళ్లీ పాట! లోహం కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కదా. డబ్బా చేసిన పనినే సముద్రమూ చేస్తుంది.

నీటిలో మోగే గంట

రేడియో చేతులెత్తేసిన చోట ధ్వని ఆదుకుంటుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సముద్రపు నీటిలో సుమారు 1,500 మీటర్లు పోతుంది. అంటే నాలుగు రెట్లకు మించిన వేగం. తిమింగలాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఈ దారినే.

అందుకే ఇంజనీర్లు రెండో గంటను తయారుచేశారు. దాన్ని నీటి అడుగు సంకేత పరికరం అనవచ్చు. చిన్న టార్చిలైటంత స్తూపం అది. విమానంలో ఏం జరిగిందో నమోదుచేసే రికార్డరు పెట్టెకు దీన్ని బిగిస్తారు. దీనికి ఒక తమాషా మీట ఉంటుంది. నీరు తగలగానే ఆ నీరే విద్యుత్ వలయాన్ని పూర్తిచేస్తుంది. అంతే, గంట మోగటం మొదలు! సెకనుకు ఒకసారి చొప్పున "టిక్, టిక్" అంటూ 37.5 కిలోహెర్ట్జ్‌ల ధ్వని పంపుతుంది. మన చెవి 20 కిలోహెర్ట్జ్‌ల దాకానే వినగలదు కనుక ఆ టిక్కు మనకు వినపడదు. నీటిలో దించిన ప్రత్యేకమైన మైకులు వింటాయి.

ఒక చిన్న లెక్క చేద్దాం. ధ్వని వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 1,500ను 37,500తో భాగించండి. 0.04 మీటరు, అంటే 4 సెంటీమీటర్లు. మీ బొటనవేలి పొడవంత తరంగం అన్నమాట. ఇక 3,400 మీటర్ల లోతు నుంచి ఆ టిక్కు పైకి రావటానికి ఎంతసేపు పడుతుంది? 3,400ను 1,500తో భాగించండి. సుమారు రెండుంబావు సెకన్లు.

కాని దీనికీ హద్దులున్నాయి. మామూలుగా ఈ ధ్వని ఒకటి రెండు కిలోమీటర్ల దాకా బాగా వినిపిస్తుంది. అంతకంటే లోతయితే వినే మైకును పొడవైన తీగకు కట్టి, నీటిలోకి దించి, నౌకతో లాక్కుంటూ వెళ్లాలి. పైగా లోపలి బ్యాటరీ పాతరకం పరికరాలలో 30 రోజులే పనిచేస్తుంది. 2009 జూన్ 1న 228 మందితో వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం అట్లాంటిక్ సముద్రంలో పడిపోయింది. దాన్ని సుమారు 3,900 మీటర్ల లోతున కనుగొనటానికి 2011 ఏప్రిల్ దాకా పట్టింది. ఆ అనుభవం తరువాతే ప్రపంచ పౌర విమానయాన సంస్థ ఈ పరికరాలు 90 రోజులు మోగాలని నియమం పెట్టింది. ఇంకా ఎక్కువ దూరం వినిపించే 8.8 కిలోహెర్ట్జ్‌ల పరికరం కూడా వచ్చింది. బొంగురు గొంతు దూరం పోతుందన్న సూత్రమే ఇక్కడా.

మరి మన కె-2743 మాటేమిటి? గాలింపు మొదలైన కొద్దిరోజులకే పత్రికల్లో ఒక వార్త వచ్చింది. ఆ విమానంలో రేడియో సంకేతాలు పంపే పెట్టెలు ఉన్నాయి కాని, నీటి అడుగున మోగే పరికరం లేదు అని.

సముద్రం మీద మూడు గంటలు ఎగిరే విమానం. నీటిలో పనిచేయని గంట ఉంది. నీటిలో పనిచేసే గంట లేదు. మా అమ్మాయి ప్రశ్న ఎంత సూటిగా తగిలిందో చూశారా!

మరి చివరకు ఎలా దొరికింది?

చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. మనిషి లేకుండా తనంతట తానే ఈదుతూ లోతు సముద్రాన్ని శోధించే ఒక వాహనం దాని దగ్గర ఉంది. విమానం చివరిసారి కనిపించిన చోట ఆ వాహనాన్ని దించారు. గబ్బిలం చీకటిలో ఏం చేస్తుంది? కూత పెట్టి, ప్రతిధ్వని విని, ఎదుట ఏముందో తెలుసుకుంటుంది. ఈ వాహనం చేసిందీ అదే. అడుగున ఉన్న వస్తువు పలకకపోయినా, మనమే ధ్వనిని పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో బొమ్మ గీసుకోవచ్చు. దీన్నే సోనార్ అంటారు. ఆపైన ఛాయాచిత్రాలు కూడా తీశారు.

అక్కడి పీడనం ఎంతో తెలుసా? ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 3,400 మీటర్ల దగ్గర అది సుమారు 340 రెట్లు. అంటే మీ చిటికెన వేలి గోరంత చోటు మీద దాదాపు మూడున్నర క్వింటాళ్ల వడ్ల బరువు! ఆ చీకటిలో, ఆ బరువు కింద తీసిన బొమ్మలలో ఆంటొనోవ్-32కు సరిపోలే శకలాలు కనిపించాయి. ఆ ప్రాంతంలో మరే విమానమూ తప్పిపోయిన దాఖలా లేదు కనుక అవి కె-2743వే కావచ్చునని 2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటించింది. ఇది మన శాస్త్రజ్ఞులు సాధించిన గొప్ప పని. వారిని మెచ్చుకోవలసిందే.

ఆ ప్రకటనతో మా తరగతిలో ఒక లెక్క కూడా చేశాం. శకలాలు చెన్నై తీరానికి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే సుమారు 310 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయని అందులో రాశారు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. 140ని 1.852తో గుణించండి. ఎంత వచ్చింది? 259 కిలోమీటర్లు! రెండు అంకెలలో ఏదో ఒకటి పొరబడింది. "ప్రభుత్వం రాసిన దాంట్ల తప్పు ఉంటదా సార్?" అని ఒక పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. రాసేది మనుషులే కదా, ఉండవచ్చు. గుణించి చూడటం అగౌరవం కాదు. చూడకుండా ఊరుకోవటమే తప్పు.

గంట ఉంటే సరిపోతుందా?

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. నీటి అడుగున గంట ఉన్నా ఆ 29 మంది ప్రాణాలు నిలిచేవని చెప్పలేం. అది ప్రాణం పోసే పరికరం కాదు. అది రికార్డరు పెట్టెను దొరకబుచ్చుకోవటానికి. ఆ పెట్టె దొరికితే ప్రమాదానికి కారణం తెలుస్తుంది. కారణం తెలిస్తే అదే రకం విమానంలో రేపు ఎక్కబోయేవారు బతుకుతారు. ఆస్ట్రేలియాలో డేవిడ్ వారెన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రికార్డరును రూపొందించాడు. ఆయన చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడే, 1934లో, తండ్రి విమాన ప్రమాదంలో సముద్రం పాలయ్యాడు.

గంట కట్టటం ఒక పని. కట్టిన గంట మోగుతోందో లేదో చూడటం ఇంకొక పని. 2014 మార్చి 8న 239 మందితో మాయమైన మలేషియా విమానం గురించి వినే ఉంటారు. దాని రికార్డరుకు నీటి అడుగు పరికరం ఉంది. కాని దాని బ్యాటరీ గడువు 2012 డిసెంబరులోనే తీరిపోయిందని విచారణ నివేదిక బయటపెట్టింది. మార్చవలసిన తేదీ కంప్యూటరు రికార్డులో సరిగా ఎక్కలేదట!

మన దేశంలోనే 2019 జూన్ 3న మరో ఆంటొనోవ్-32 అస్సాంలోని జోర్హాట్ నుంచి బయలుదేరి అరుణాచల్ ప్రదేశ్ కొండల్లో కూలింది. 13 మంది మరణించారు. శకలాలు కనిపించటానికి ఎనిమిది రోజులు పట్టింది. దానిలోని సంకేత పరికరం బాగా పాతకాలపుదని అప్పుడూ పత్రికలు రాశాయి.

మన పొరుగునే

ఇదంతా ఎక్కడో సముద్రంలో, ఎక్కడో కొండల్లో అనుకోకండి. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. కొత్తగా చేరినవారు ఎగరటం నేర్చుకునేది అక్కడే. ఒకప్పుడు అక్కడ హెచ్‌పీటీ-32 దీపక్ అనే చిన్న శిక్షణ విమానాలు వాడేవారు. వాటికి పైలట్‌ను కుర్చీతో సహా పైకి ఎగరగొట్టి కాపాడే ఏర్పాటు లేదు. అటువంటి చిన్న పిస్టన్ విమానాలలో ఆ ఏర్పాటు లేకపోవటం ఇతర దేశాలలోనూ ఉన్నదే. కాని ఇంజను మొరాయిస్తుందని పేరుపడ్డ విమానంలో, ఎత్తు తక్కువగా ఉన్నప్పుడు, తలుపు తీసుకుని దూకే సమయం ఉంటుందా? 2009 జులై 31న మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి, నేర్పే పైలట్లు ఇద్దరూ చనిపోయారు. ఆ తరువాత దీపక్‌లన్నింటినీ ఎగరకుండా ఆపేశారు. వాటి స్థానంలో 75 కొత్త పిలాటస్ విమానాలకు 2012లో ఒప్పందం కుదిరింది. వాటిలో ఎగరగొట్టే కుర్చీలు ఉన్నాయి.

అయినా 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి బయలుదేరిన ఒక పిలాటస్ మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు మరణించారు. అంటే పరికరం ఒక్కటే చాలదు. కాని పరికరం లేకపోతే బతికే అవకాశమే ఉండదు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి.

నేను పెట్టిన సంతకం

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో సైన్సు ప్రయోగశాల నా చేతికిచ్చారు. ఒకనాడు పదో తరగతి పిల్లవాడి కంట్లో ఆమ్లం తుంపర పడింది. పిల్లవాడు కెవ్వుమన్నాడు. ప్రథమ చికిత్స పెట్టె కోసం పరుగెత్తాను. దానికి తాళం! తాళం చెవి ఉన్నాయన ఆ రోజు సెలవు. రాయితో కొట్టి తెరిస్తే లోపల ఎండిపోయిన టింక్చరు సీసా ఒకటి, ఖాళీ దూది కాగితం ఒకటి. కుండలో నీళ్లు ఉండబట్టి ఇరవై నిమిషాల పాటు కన్ను కడుగుతూనే ఉన్నాం. ఆ తరువాత బోధన్ తీసుకెళ్లాం. అదృష్టం, చూపు పోలేదు.

మరునాడు రిజిస్టరు తీసి చూశాను. "ప్రథమ చికిత్స పెట్టె: ఉన్నది. సరిచూడబడినది" అని రాసి ఉంది. కింద సంతకం ఎవరిదనుకున్నారు? నాదే! పెట్టె తెరవకుండానే సంతకం పెట్టాను.

ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడినో నాకిప్పటికీ తెలియదు. జవాబుదారీ అంటే ఏమిటో బి.ఎడ్. పుస్తకాల కంటే ఆ ఎండిన సీసా నాకు బాగా నేర్పింది. పరికరం కాగితం మీద ఉండటం వేరు, చేతికి అందటం వేరు. ఈ రెంటి మధ్యా ఒక మనిషి సంతకం ఉంటుంది.

ఎవరిని అడగాలి?

మనం టిక్కెట్టు కొని ఎక్కే విమానాలకు ప్రపంచమంతటా ఒకే రకం నియమాలు ఉన్నాయి. 1944లో షికాగోలో కుదిరిన ఒప్పందం వాటికి పునాది. కాని ఆ ఒప్పందం మూడో అధికరణం ప్రకారం సైనిక విమానాలకు ఆ నియమాలు వర్తించవు. యుద్ధ అవసరాలు వేరు కనుక అది అర్థం లేనిదేమీ కాదు. పౌర విమానం కూలితే విచారణ నివేదికను అందరూ చదివేలా ప్రకటిస్తారు. సైనిక విమానం కూలితే సైన్యమే విచారణ జరుపుతుంది. ఆ నివేదిక మామూలుగా బయటికి రాదు. అంటే విమానం కొన్నదీ, నడిపిందీ, నియమం పెట్టిందీ, విచారించిందీ అంతా ప్రభుత్వమే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు!

మరి అడిగే దారులు లేవా? ఉన్నాయి. నాలుగు చెబుతాను.

ఒకటి, పార్లమెంటు. రక్షణ శాఖకు ప్రతి ఏటా డబ్బు మంజూరు చేసేది పార్లమెంటే. మనం ఎన్నుకున్న సభ్యుడు ఏ మంత్రినైనా ప్రశ్న అడగవచ్చు. మంత్రి జవాబు చెప్పి తీరాలి.

రెండు, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. మన రాజ్యాంగం 148వ అధికరణం ప్రకారం ఏర్పడిన ఈ అధికారి ప్రభుత్వ ఖర్చు లెక్కలు తనిఖీ చేస్తారు. కొన్న పరికరం వచ్చిందా, వచ్చినది పనిచేస్తోందా అని కూడా చూస్తారు. ఆ నివేదికలు పార్లమెంటు ముందుకు వస్తాయి.

మూడు, న్యాయస్థానం. 2005 జనవరిలో రాజస్థాన్‌లో ఒక మిగ్-21 కూలింది. అందులోంచి బయటపడి వెన్నుకు దెబ్బ తిన్న వైమానిక దళ అధికారి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ప్రాణానికి రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణం సైనికులకూ వర్తిస్తుందని, మామూలుగా ఉండే ప్రమాదానికి మించి లోపమున్న విమానంతో వారిని అపాయంలోకి నెట్టకూడదని 2017 మేలో ఆ కోర్టు తీర్పు చెప్పింది. కేంద్ర ప్రభుత్వమూ, విమానం తయారుచేసిన ప్రభుత్వరంగ సంస్థా కలిసి రూ. 55 లక్షలు చెల్లించాలని ఆదేశించింది. సైనికుడు దేశం కోసం ప్రాణాలకు తెగిస్తాడు, నిజమే. అంతమాత్రాన నాసిరకం పనికి ప్రాణం ఇవ్వటానికి ఒప్పుకున్నాడని కాదు.

నాలుగు, 2005 నాటి సమాచార హక్కు చట్టం. పది రూపాయల రుసుముతో ఏ పౌరుడైనా దరఖాస్తు పెట్టవచ్చు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. దేశ భద్రతకు హాని చేసే సమాచారం ఇవ్వనక్కరలేదని ఆ చట్టంలోనే ఉంది. అది న్యాయమే. మన విమానాలు ఎన్ని ఎక్కడున్నాయో శత్రువుకు తెలియకూడదు. కాని సముద్రం మీద ఎగిరే రవాణా విమానానికి నీటిలో మోగే గంట ఉందా అన్న ప్రశ్నకు జవాబు చెబితే శత్రువుకు ఒరిగేదేముంది? రహస్యానికీ, నిర్లక్ష్యానికీ ఒకే తలుపు ఉండకూడదు.

మీరేం చేయవచ్చు?

మొదట ఒక ప్రయోగం. బకెట్టు నిండా నీళ్లు పోయండి. మీ స్నేహితుణ్ణి రెండు గులకరాళ్లు నీటిలో ముంచి మెల్లగా తాటించమనండి. మీరు బకెట్టు గోడకు చెవి ఆనించి వినండి. తరువాత చెవి తీసి అదే చప్పుడును గాలిలో వినండి. తేడా ఏమిటో మీ నోటు పుస్తకంలో రాయండి.

రెండోది ప్రయోగం కాదు, పని. మీ బడిలోని ప్రథమ చికిత్స పెట్టె తెరిచి చూపించమని మీ సారునో టీచరునో అడగండి. మంటలార్పే ఎర్ర సిలిండరు మీద గడువు తేదీ చదవండి. బస్సెక్కితే డ్రైవరు దగ్గర ఉండే పెట్టెలో ఏముందో చూడండి. కందకుర్తిలో గోదావరి దాటేందుకు పడవ ఎక్కితే అందరికీ తేలే జాకెట్లు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. లేకపోతే మర్యాదగా అడగండి. అడిగిన తేదీ రాసి పెట్టుకోండి. మళ్లీ నెల తరువాత అడగండి.

పెద్దయ్యాక మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు అధికారులవుతారు. ఒకరిద్దరు విమానం కూడా నడుపుతారేమో! ఏదో ఒకరోజు మీ ముందుకు ఒక రిజిస్టరు వస్తుంది. "సరిచూడబడినది" అని రాసి ఉంటుంది. కింద సంతకానికి ఖాళీ ఉంటుంది.

అప్పుడు విశాఖపట్నంలోని ఎనిమిది ఇళ్లను గుర్తు చేసుకోండి. ముందు పెట్టె తెరవండి. తరువాతే సంతకం పెట్టండి.

ఇక మా తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆమె ప్రశ్నకు జవాబు మరునాడు తరగతిలో అందరి ముందూ చెప్పాను. అంతా విని, "అయితే సార్, పిల్లి మెడల గంట గట్టుడు కష్టంగని, విమానానికి గట్టుడు కష్టం కాదు" అంది. ఎవరు కట్టాలో మాత్రం చెప్పమంది. కట్టవలసినది ప్రభుత్వం, కట్టిందో లేదో అడగవలసినది మనం అని చెప్పాను.